చెంచురామయ్యగారి బేరమాడే కంప్యూటర్

మీరు చెంచురామయ్యగారిని కలిసి తీరాల్సిందే. బూర్గంపాడులో స్టీలు సామాన్ల కొట్టు ఆయనది. బేరమాడకుండా ఎవరైనా డబ్బులు తీశారా, ఆయనకి ఒళ్ళు మండిపోతుంది. ఓసారి ఒక బ్యాంకు ఆఫీసరు టిఫిన్ క్యారియర్‌కి చెప్పిన ధర ఇచ్చేసి వెళ్ళిపోతుంటే, ఈయన బస్టాండు దాకా వెంటపడ్డారు. "ఏంది సారూ! నన్నొక్క మాటన్నా అనకుంట పోతుండ్రు? నేనేం పాపం జేసిన?" అవతల బస్సు హారన్ కొడుతోంది. పాపం ఆ ఆఫీసరు కిటికీలోంచే బేరమాడి, పది రూపాయలు వెనక్కి తీసుకున్నాక గానీ బస్సు కదలలేదు.

అలాంటాయన తొంభై ఐదులో కంప్యూటర్ కొంటానన్నారు! బిల్లుల సాఫ్ట్‌వేర్ అమర్చడానికి ఖమ్మం నుంచి మా కంపెనీ నన్ను పంపింది. డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం. "ఆయన కొంటేనే నువ్వుంటావ్. లేదంటే ఇంటికే" అని మా వెంకటరామారావు సార్ ముందే చెప్పేశారు.

నేను సరుకుల ధరలన్నీ ఎక్కించి, "తగ్గింపు ఎంత పెట్టమంటారు? నూటికి ఐదా, పదా?" అన్నాను.

"అదేంది తమ్మీ, గట్ల ఒక్కటే ఉంటదా? గిరాకీ మూతి తిప్పితే కొంచెం. పక్క కొట్ల అగ్గువ అంటే ఇంకొంచెం. లేచి మెట్లు దిగితే ఇంకా."

"కంప్యూటర్‌కి మెట్లు కనపడవు కదండీ!"

"నీకు కండ్లున్నయి గదా? నువ్వు మీట నొక్కు. ఆఁ, ఎనక్కి సూసుకుంట దిగితే సగమే. సూడకుంట దిగితే మొత్తం."

చచ్చినట్టు పెట్టాను. మూతికో మీట, పక్క కొట్టుకో మీట, మెట్లకి రెండు. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా మెడ తిప్పడానికి లెక్క ఉంటుందా? నా దాంట్లో ఉంది!

సార్ ఆయన చేత సంతకం పెట్టించుకోవడానికి వచ్చిన రోజే తండా నుంచి సోమ్లి అనే ఆవిడ వచ్చింది. ఒక బిందె చూపించి, "ఎంత సేటూ?" అంది. ఆయన ధర చెప్పారు. ఆమె మారు మాట్లాడకుండా కొంగుముడి విప్పింది. నేను ఏ మీటా నొక్కలేదు. తెర మీద నిండు ధర పడింది.

"ఆగు చెల్లె!" అంటూ చెంచురామయ్యగారు గద్దె దిగి ఆమె పక్కన నిలబడ్డారు. ఖాళీ గద్దె వైపు చెయ్యి చూపిస్తూ, "ఏం సేటూ, కండ్లు నెత్తికెక్కినయా? గీ బిందెకు గింతనా?" అని అరిచారు. గబగబా ఎక్కి కూర్చుని, "స్టీలు పిరమైంది, నాకేం మిగుల్తది?" అన్నారు. మళ్ళీ దిగారు. మూతి తిప్పారు. సోమ్లి తరఫున మెట్లు కూడా దిగి, అటు తిరిగే నిలబడిపోయారు.

"తమ్మీ! పోతున్న గదా, పిలువవేంది? ఎనక్కి సూస్తే సగం పోతది!"

"రండి రండి, ఇచ్చేస్తాం!" అని అరిచి, మీటలన్నీ టకటకా నొక్కేశాను. సోమ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఒకటే నవ్వు.

ఆయన మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూ అన్నారు: "నోరున్నోళ్ళు ఎట్లనన్న తగ్గించుకుంటరు. అడుగుడు రానోళ్ళకే నిండు ధర పడతది. అది నాయమేనా? వాళ్ళ తరపున దిగి ఎక్కి, దిగి ఎక్కి నా మోకాళ్ళు పోయినయి. మరి కంప్యూటర్ ఎందుకు కొంటున్న అనుకున్నవ్?"

అప్పుడు వెలిగింది నాకు! అక్కడే కూర్చుని కొత్త నియమం పెట్టాను: ఏ మీటా నొక్కకపోతే, అంటే కొనేవాళ్ళు నోరు మెదపకపోతే, తగ్గింపులన్నీ వాటంతటవే పడాలి.

"అవ్! గిదే కావాలె నాకు. కొంట!" అన్నారాయన.

మూల కూర్చుని టీ తాగుతున్న సార్‌కి ఆ చివరి మాట ఒక్కటే వినబడింది. ముఖం మతాబులా వెలిగింది. కంప్యూటర్ ధర చెప్పేసి, "ఈ కంప్యూటర్ బిల్లేదో ఇందులోనే కొట్టవోయ్, మన సత్తా చూస్తారు" అన్నారు.

చెంచురామయ్యగారు సోమ్లి నెత్తిన బిందె సర్దుతున్నారు. ఆ సందడిలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బేరం సంగతే మరిచిపోయి "సరే, కొట్టుర్రి" అనేశారు.

మూతి తిప్పలేదు. మెట్లు దిగలేదు. నా వేలు ఏ మీట మీదా పడలేదు. ప్రింటరు కీచుకీచుమంటూ కాగితాన్ని పైకి తోస్తోంది. అసలు ధర అచ్చయింది. దాని కింద తగ్గింపులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. సార్ సంబరంగా పెన్ను మూత తీస్తున్నారు. ప్రింటరు ఆపే మీట నా చేతికి జానెడు దూరంలో ఉంది.

మీరే చెప్పండి, నా కుర్చీలో మీరుంటే ఆపేవాళ్ళా?