దిగి రమ్మన్నారు, దిగలేదు

మార్చిలో, మధ్యాహ్నం మూడింటికి ఉదయగిరిలో బస్సు దిగాం. సైన్యం పని మీద వచ్చినవాళ్లం ముగ్గురం: హవల్దారు, వంటవాడు, రేడియో ఆపరేటరునైన నేను. వెంట రెండు రేడియో సెట్లు, బ్యాటరీలు, ఒక టెంటు, నెలకు సరిపడా రేషను. వేసవి ముగిసేదాకా ఊరి పక్క కొండ మీదున్న పాత దుర్గంలో ఉండి, నెల్లూరులోని మా బేసుకూ కడప వైపు దళాలకూ మధ్య సందేశాలు అందించాలి. అదీ ఆర్డరు.

ఇది డెబ్బైల చివరి మాట. మాది ఆత్మకూరు. ఆ పోస్టు నేను అడిగి మరీ వేయించుకున్నాను. హవల్దారు మాత్రం శిక్ష పడినట్టు వచ్చాడు. ఆయన గఢ్వాల్ కొండల మనిషి. అంతకు రెండేళ్ల ముందు రాజస్థాన్ ఎడారిలో వడదెబ్బ తగిలి పడిపోయాడు. పక్కన నడుస్తున్నవాడు చచ్చిపోయాడు, ఈయన బతికాడు. ఇంకోసారి తగిలితే దక్కవని డాక్టరు మొహం మీదే చెప్పాడట. నెల్లూరు పేరు వినగానే భార్యకు ఉత్తరం రాసి పిల్లల్ని అప్పగించి వచ్చాడు పాపం.

ఆ రోజు దారిలో మా ఇంట్లోనే భోజనం. మా నాయన నాలుగు ధైర్యం మాటలు చెబుతాడనుకున్నాను. ఆయన హవల్దారును ఎగాదిగా చూసి, "ఇది మనుషులుండే చోటు గాదు సార్. మే నెలొస్తే కుక్కలు గూడా బయటికి రావు. మావోణ్ణి గూడా యాడికన్నా తీసకపోండి" అన్నాడు. ఆ మాట నేను హవల్దారుకు హిందీలో చెప్పలేదు. చెప్పకపోతే మాత్రం, నాయన మొహం చూస్తే అర్థం కాదా? హవల్దారు పెరుగన్నం సగంలో వదిలేసి లేచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మనవాళ్లకు ఇదొక జబ్బు. ఊటీకి ఒక్కసారి పోయొచ్చినవాడు పదేళ్లు ఊటీ కబుర్లే చెబుతాడు. కళ్లెదుట మూడు వేల అడుగుల కొండ ఉంటే, దాని మీద ఒక్క రాత్రి పడుకుని చూసినవాడు లేడు. నేను డార్జిలింగులో ఉన్నాను, నెలల తరబడి సాక్సులు ఆరలేదు. కాశ్మీరులో ఉన్నాను, వేళ్లు కొంకర్లు పోయాయి. ఎవరేమన్నా అనుకోండి, నేను హాయిగా నిద్రపోయింది ఉదయగిరి దుర్గం మీద.

పైన టెంటు వేయలేదు. పాతకాలపు రాతి కట్టడం ఒకటి, గోడలు మూరెడు మందం, ఇటూ అటూ కమానులు. అందులో దిగాం. పొద్దు వాలాక తూర్పు నుంచి గాలి మొదలయ్యేది. ఏప్రిల్లో కూడా తెల్లవారుజామున దుప్పటి ముసుగు పెట్టాం. అబద్ధమెందుకు, మధ్యాహ్నం పైన కూడా ఎండే. కానీ అది పొడి ఎండ. నెల్లూరులోలాగా చొక్కా ఒంటికి అతుక్కోదు. మా ఆత్మకూరు ఇళ్లలో చేసినట్టు పడమటి కమానుకు గోనెసంచులు కట్టి, రాతిగుంటలో నీళ్లు తెచ్చి తడిపేవాణ్ణి. వాటి గుండా వచ్చే గాలికి వంటవాడు పొయ్యి దగ్గర కూడా గొణగడం మానేశాడు. హవల్దారు మాత్రం రోజూ మధ్యాహ్నం మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాడు.

మే నెల వచ్చింది. ఒకరోజు ఖాదర్ భాయ్ చీకటితోనే గాడిదల మీద రేషను తెచ్చాడు. ఉదయగిరిలో ఆయన పని అదే. సామాను దించి, మళ్లీ బయల్దేరకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "కింద గాలి పొయ్యిలోనించి వచ్చినట్టు ఉండాది. సాయంత్రం దాకా నేను దిగను, గాడిదలు చస్తాయి" అన్నాడు.

పదకొండుకు రేడియో పలికింది. బేసులో కెప్టెన్, కోస్తా మనిషి, తెలుగువాడే. నెల్లూరులో ఎండకు జనం పడిపోతున్నారనీ, మా క్షేమం కోసం పోస్టు మూసేస్తున్నామనీ, వెంటనే దిగమనీ, ఒంటిగంటకు కొండ కింద బండి ఉంటుందనీ చెప్పాడు. మా క్షేమం కోసమట! చెట్టు నీడ లేని బండరాళ్ల మీద, నడి మధ్యాహ్నం, రెండు గంటల దిగుడు.

హవల్దారు "జీ సాబ్" అని బూట్లు అందుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. చచ్చిపోతారు సాబ్ అన్నాను. ఇన్నేళ్లలో ఒక్క ఆర్డరు కాదనలేదు, ఇప్పుడూ కాదనను అన్నాడు. ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది నేను లాక్కుని, దాని మీద కూర్చుని, రేడియో అందుకున్నాను.

"సార్, ఇప్పుడు దిగం. పొద్దు గుంకినాక దిగుతాం."

"ఉదయగిరి నెల్లూరు జిల్లా కాదా? మీ కొండ మీద మంచు కురుస్తోందా?"

"మంచు కురవడం లేదు సార్. మనిషి బతికేంత చల్లగా ఉంది."

"ఆర్డరు ధిక్కరిస్తున్నావా?"

"అవును సార్. నా పేరు మీదే రాసుకోండి. హవల్దారు సాబ్ మీద వద్దు."

అని సెట్టు కట్టేశాను. బూటు మీంచి మాత్రం లేవలేదు.

పొద్దు గుంకాక దిగాం. అప్పటికి కూడా రాళ్ల సెగ బూటు అట్టల్లోంచి తగిలింది. కింద మా బండి డ్రైవరు లారీ కింద పడుకుని వాంతులు చేసుకుంటున్నాడు. ఊళ్లోవాళ్లు నీళ్లు పోస్తున్నారు. కూర్చుని ఎదురుచూసినవాడి గతి అది.

ఆర్డరు కాదన్నందుకు నా చేతి మీది లాన్స్ నాయక్ పట్టీ ఊడబెరికారు. మళ్లీ రావడానికి ఏళ్లు పట్టింది. పశ్చాత్తాపమా, నా బొంద. ఆ బూటు మీద ఇంకో వందసార్లయినా కూర్చుంటాను. హవల్దారు సర్వీసు పూర్తిచేసి తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ పిల్లల దగ్గరికి పోయాడు. నాకది చాలు.

ఎనభైల్లో ఆత్మకూరు తిరిగొచ్చాను. టీ అంగడి దగ్గర ఎవడో ఒకడు మనకేముంది ఎండ తప్ప అంటాడు. నేను పోట్లాటకు దిగుతాను. వాడు నవ్వుతాడు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే కనబడుతుంది. సెట్టు కట్టేశాక హవల్దారు ఒంటి బూటుతో, తడి బనీనుతో తూర్పు కమాను దగ్గర, తడి గోనెల గుండా వచ్చే గాలిలో నిలబడ్డాడు. కింద దుత్తలూరు వైపు చేలు తెల్లగా మాడుతున్నాయి. నా వైపు తిరిగి ముంజేయి చాపాడు. చలికి రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వాటినే చూసుకుంటూ, కళ్లనీళ్లు పెట్టుకుని, స్వెట్టరు ఇమ్మన్నాడు.