శుక్రుడు అడ్డొచ్చిన ఇంటి లోను

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఇంటికి లోను అడిగి చూడు అని ఆ సామెతకు నేనొక తోక తగిలించాను. ఆ తోకకు నిప్పంటుకుని మా ఇల్లు ఎలా తగలబడబోయిందో చెబుతాను. ఇల్లు అప్పటికింకా కొననేలేదన్నది వేరే సంగతి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె వాటాలో ఉండేవాళ్ళం. నా వృత్తి మూఢనమ్మకాల మీద యుద్ధం. సభలకు పిలిచి శాలువా కప్పి పంపేవారు. శాలువాలు చూసి అప్పిచ్చే బ్యాంకు ఇంకా పుట్టలేదు. ఇంట్లో పొయ్యి వెలిగేది మా ఆవిడ సుశీల వల్ల. పెళ్ళిళ్ళలో చుట్టాలకు పెట్టే చీరలు మంగళగిరి నుంచి బస్సులో తెచ్చి, మా ముందుగదిలో అమ్మేది. జీతం చీటీ లేదు, పన్ను కాగితం లేదు. అయినా సింగ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు చూసుకుని, గుమ్మానికి ఏ రంగు కర్టెను వేయాలో కూడా నిర్ణయించేసుకుంది.

సరిగ్గా అప్పుడే ఒక ప్రైవేటు కంపెనీ, ఆదాయానికి రుజువు లేకపోయినా లోను ఇస్తామంది. వాళ్ళ మనిషే వచ్చి ఒక పూట కూర్చుంటాడు. బేరాలు చూస్తాడు, సరుకు చూస్తాడు, ఇరుగుపొరుగును అడుగుతాడు, ఆదాయం ఇంత ఉండొచ్చని అంచనా కడతాడు. వడ్డీ కాస్త ఎక్కువ, ఇంటి ధరలో వాళ్ళిచ్చే వాటా కాస్త తక్కువ. రుజువు లేనిదే దేవుణ్ణి కూడా నమ్మని నేను, రుజువు లేకుండా మమ్మల్ని నమ్మేవాళ్ళు దొరికారని పొంగిపోయాను.

ఎప్పుడు రమ్మంటారని ఆఫీసరు ఫోను చేశాడు.

"వచ్చే నెల రమ్మనండి. ఇప్పుడు శుక్ర మూఢం. ముహూర్తాల్లేవు, బేరాలుండవు" అంది సుశీల.

నాలోని ఉపన్యాసకుడు లేచి నిలబడ్డాడు.

"ఎక్కడో సూర్యుడి వెలుగులో శుక్రుడు కనబడకపోతే నీ చీరలకేం రోగం? రేపే రమ్మంటున్నా."

"చీరలకేం రోగం లేదండీ. కొనేవాళ్ళకుంది."

ఆ ఒక్క మాట విని ఉంటే మీకు ఈ కథ తప్పేది.

వచ్చినవాడు రఫీ అనే కుర్రాడు. హనుమాన్ జంక్షన్ వాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఈలోగా లోపలికి వచ్చినవి ఒక ఈగ, పక్కింటి పిల్లి. రెండూ బేరమాడలేదు.

"రోజూ ఇంతేనాండీ?"

"అబ్బే, కిటకిటలాడిపోతుంది."

"మరి ఈవేళ ఏమైందండీ?"

మూఢం ఉత్తదే అంటే, ఈ ఖాళీ గదే మా ఆదాయం. కాదంటే, నా ఇన్నేళ్ళ ఉపన్యాసాలు కృష్ణలో కలుస్తాయి. చర్చల్లో ఎదుటివాళ్ళ కోసం నేను తవ్వే గొయ్యి సరిగ్గా ఇదే. లోపలి నుంచి చూడటం మాత్రం మొదటిసారి.

సుశీల నన్ను ఆదుకోలేదు, దెప్పలేదు. మడత చెడని చీరనే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. ఆ చేతులు చూశాక నా సిద్ధాంతం మోకాళ్ళ మీద కూలబడింది.

"మూఢం కదా బాబూ" అన్నాను, పెళ్ళిచూపుల్లో పిల్లలా నేల చూస్తూ. "శుక్రుడు కనబడటం లేదు."

రఫీ పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

"జాతకాల మీద మా జంక్షన్‌లో మాట్లాడింది మీరే కదండీ? చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను."

భూమి చీలలేదు. అవసరమైనప్పుడు అది ఎన్నడూ చీలదు.

"మా నాన్నది షామియానాల వ్యాపారమండీ" అన్నాడు మెల్లగా. "మేం నమాజు చేసేవాళ్ళమే గానీ, శుక్రుడు ఎప్పుడు మునిగాడో ఎప్పుడు లేచాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. మునిగితే పప్పుచారు, లేస్తే బిర్యానీ. ఈవేళ చూసిందేమీ రాయనులెండి, మళ్ళీ వస్తా." సుశీల వైపు తిరిగాడు. "ఈసారి తారీఖు మీరే చెప్పండక్కా."

ఆమె చెప్పిన రోజున రఫీకి గదిలో చోటు దొరకలేదు. వరండాలో, ఆడవాళ్ళు విడిచిన చెప్పుల మధ్య నిలబడే అంచనా కట్టుకున్నాడు. లోను సుశీల పేరున వచ్చింది. కర్టెను చిలకాకుపచ్చ.

గ్రహాలు మనిషి బతుకును మార్చవు. ఈ మాట మీద ఇప్పటికీ ఏ వేదిక మీదైనా వాదిస్తాను. ఆ గ్రహాలను నమ్మే మనుషులు మాత్రం మా ఇంట్లో కూర మార్చగలరు. కనుక సుశీలను అడగకుండా ఏ ఆఫీసరుకూ తారీఖు ఇవ్వనని హేతువు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏటా ఉగాదికి మా ఇంట్లో పంచాంగం కూడా కొంటాం. అది ఎవరికీ కనబడదు. మూఢంలో శుక్రుడిలా, నా శాలువాల కింద ఉంటుంది.