నాన్న పెట్టిన ఎర్ర దారం

లాక్‌డౌన్‌లో సూరత్ మగ్గాలన్నీ ఆగిపోయాయి కానీ నా చెయ్యి మాత్రం ఆగడం లేదు. మా పాప చదివేది మూడో తరగతి. బడివాళ్ల యాప్ మాత్రం దాని చదువు ఐదో తరగతి స్థాయిలో ఉందంటోంది. ఆ అంకె ఇంకా పెరిగిందా అని పూటకు పదిసార్లు ఫోన్ తెరుస్తున్నాను.

ఇవాళ ఛార్జర్ కోసం పాత పెట్టె కెలుకుతుంటే నా చిన్నప్పటి కథల పుస్తకం దొరికింది. పేజీల మధ్య రంగురంగుల దారపు ముక్కలు, ఇంకా పోని మగ్గం నూనె వాసన.

ఈ సూరత్‌లోనే వడోద్ బస్తీలో నాతో పెరిగినవాళ్లారా, మగ్గాల చప్పుడును మించి అరిచి చదివేవాళ్లం, గుర్తుందా? మా నాన్నకు చదువు రాదు. గుడ్డలో తప్పు పడిన చోట దారం కట్టి గుర్తు పెట్టినట్టే, నేను తడబడిన పేజీలో ఒక దారం పెట్టేవాడు.

"ఈడ ఆగినవ్ బిడ్డా. రేపు మల్ల చదువు," అనేవాడు.

దారాలు తగ్గితే నాకు చదువు వచ్చినట్టు. అందుకే చివరి కథలో కష్టమైన పేజీ రాగానే, నోటికొచ్చింది కల్పించి గడగడా చదివేశాను. నాన్న నమ్మాడనుకున్నాను. మర్నాడే కొత్త పుస్తకం తెచ్చాడు. పాతదాన్ని నేను మళ్లీ తెరవలేదు.

ఇదంతా నా నోట విన్న పాప పుస్తకం లాక్కుని చివరి కథ తీసింది. ఆ పేజీలో ఎర్ర దారం ఉంది.

"ఇక్కడ కూడా ఆగావా మమ్మీ?"

"లేదమ్మా. అక్కడ అస్సలు ఆగలేదు."