ఏడో పాఠం నా చేతిలో ఉంది

నిన్న మధ్యాహ్నం మంగళగిరిలోని మా ఆఫీసులో నా కంప్యూటరు టుంగుమంది. ఒకరు తెరిచి రాసుకుంటున్న ఫైలును ఇంకొకరు తెరవబోతే వచ్చే చప్పుడది. తెర మీద "ఈ ఫైలు హారిక దగ్గర ఉంది" అని కనిపించింది. అందరికీ ఆ చప్పుడంటే చిరాకు. నాకు మాత్రం అది వినగానే గంజి పెట్టిన చీర గరగరలు, వెనకనుంచి "అమ్మాయ్!" అన్న కేక గుర్తొస్తాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వసుంధర గారు పటమటలో బడిపిల్లల లెక్కల గైడ్లు తయారుచేసే చిన్న ఆఫీసు నడిపేవారు. మేడ మీద ఒకటే గది. ఆవిడ, పేజీలు కట్టే శ్రీనివాస్ గారు, తప్పులు దిద్దే నేను. పాఠాలన్నీ అందరి కంప్యూటర్లకీ అందేలా ఒకే చోట ఉండేవి. ఇద్దరు ఒకేసారి ఒకే పాఠం దిద్దితే ఆఖరున సేవ్ చేసినవాళ్ళ పనే మిగిలేది, రెండోవాళ్ళది మాయమయ్యేది. అందుకని ఆ గదిలో ఒక అలవాటుండేది. పాఠం తెరిచేముందు "మూడు నా చేతిలో ఉందీ" అని అరవాలి. మూశాక "మూడు వదిలేశా" అనాలి. వింటే రైతుబజారులా ఉండేది. నా మాట మాత్రం ఫ్యాను చప్పుడు దాటేది కాదు. పొద్దున్నుంచీ నేను దిద్దినదంతా శ్రీనివాస్ గారి సేవ్ కింద కొట్టుకుపోయేది. ఆ బాధ డైరీలో రాసుకుని, మర్నాడు మళ్ళీ దిద్దేదాన్ని.

ఒకరోజు ఆవిడ కనిపెట్టేశారు.

"ఈ పేజీ నిన్ననే దిద్దావుగా? తెరిచేముందు చెప్పలేదా?"

"చెప్పానండీ."

"ఎవరికి, కీబోర్డుకా?"

శ్రీనివాస్ గారు పకపకా నవ్వారు.

"మీరు నవ్వకండి. పునుగులు తెచ్చారంటే వీధి చివర్నుంచైనా వినబడుతుంది మీకు!"

గొంతు పెంచమని ఇంట్లోనూ కాలేజీలోనూ నాకు చెప్పనివాళ్ళు లేరు. ఆవిడ ఆ మాట అనలేదు. ఎవర్నో అడిగి, ఒకరు ఫైలు తెరిస్తే మిగతావాళ్ళకి దానికదే తాళం పడే ఎడిటర్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లలో వేయించారు. వాళ్ళు చదవగలరు, మార్చలేరు. మొదటిసారి శ్రీనివాస్ గారి తెర మీద నా పేరు పడి టుంగుమన్నప్పుడు ఆవిడ నా వెనకే నిలబడి ఉన్నారు. "ఇకనుంచి నీ బదులు ఇదే అరుస్తుందమ్మాయ్," అన్నారు. తన కుర్చీ వైపు వెళ్తూ, "కొన్నాళ్ళే," అన్నారు.

ఒక సాయంత్రం ఏడో పాఠంలో తప్పు లెక్కలు మార్చి, జవాబులు రేపు సరిచేద్దామని ఫైలు సేవ్ చేయకుండా అలాగే తెరిచి ఉంచి కంకిపాడు బస్సెక్కాను. మర్నాడు పంపాల్సిన పుస్తకాన్ని ప్రెస్సువాళ్ళు అప్పటికప్పుడు కావాలన్నారట. బస్సు ఇంకా ఊరు దాటకముందే వసుంధర గారి ఫోన్.

"అమ్మాయ్, ఏడుకి నీ తాళం ఉంది. తీసేస్తే పాత పాఠం ఉన్నదున్నట్టు అచ్చుకి పోతుంది. ఏం చెయ్యమంటావు?"

వెనకనుంచి శ్రీనివాస్ గారు, "ఆ పిల్లని అడిగేదేముందండీ, ఒక్క నొక్కు! అవతల ప్రెస్సులో మిషను ఖాళీగా పెట్టుకు కూర్చున్నారు."

నా కోసం మిషను ఆగడమా! "పర్లేదండీ, తీసేయండి," అన్నాను.

"పర్లేదా? లోపల నీ పనేమీ లేదా? నువ్వు చెప్పేదాకా నేను ముట్టుకోను."

తాళం తీయడం ఆవిడకి తెలుసు. తెలిసీ, ఫోన్ పట్టుకుని నా మాట కోసం ఆగారు. అంతవరకూ ఎవరూ నా కోసం అలా ఆగలేదు. ఆ తప్పు లెక్కలు చేసి, జవాబు కలవక, తమకే లెక్కలు రావనుకునే పిల్లలు గుర్తొచ్చారు. నాలాంటి పిల్లలు.

"లేదండీ! ఏడో పాఠం నా చేతిలో ఉంది. ఎవరూ తీయకండి. నేను వస్తున్నా!"

ముందు సీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఫోన్లో నవ్వు వినిపించింది. "విన్నారా శ్రీనివాస్ గారూ, మధ్యలో ఫ్యాను తిరుగుతూనే ఉంది!"

బస్సు దిగి, ఆటోలో వెనక్కి వెళ్ళాను. ప్రెస్సువాళ్ళ చేత మాటలు పడింది ఆవిడే. నన్ను మాత్రం తొందరపెట్టలేదు. పని అయ్యాక "ఏడు వదిలేశా" అని పైకే అన్నాను. పళ్ళెం కింద మూసి ఉంచిన పునుగులు నా ముందుకు జరిపారు. చల్లారిపోయాయి, అయినా అన్నీ తిన్నాను.

ఆవిడ ఇప్పుడు లేరు. ఆ గదిలో ఎవరో టైలరింగ్ నేర్పుతున్నారు.

నిన్న టుంగుమన్నప్పుడు మా మేనేజరు గారు, "కొత్తమ్మాయేగా, తాళం తీసేసి పని కానివ్వండి," అన్నారు. చివరి సీట్లో హారిక తల దించుకుని కీబోర్డు వైపే చూస్తోంది. లేచి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

"లోపల నీ పనుందా హారికా?"

ఏసీ చప్పుడులో కలిసిపోయేంత మెల్లగా, "ఉందండీ," అంది.

నేను వెనక్కి తిరిగి, గది మొత్తానికీ వినబడేలా అన్నాను: "ఫైలు హారిక చేతిలో ఉందండీ. ఆగుదాం."