ఆపా తెరిచిన కళ్లు

పాత స్టూడియో ఫొటోల మీద ఈమధ్య అచ్చయిన ఒక పెద్ద పుస్తకాన్ని మా అమ్మాయి తెచ్చి నా ముందు పెట్టింది. నూట పన్నెండో పేజీలో రంగులద్దిన ఒక పెద్దాయన ఫొటో, పక్కనే దాని వెనకవైపు అట్ట కూడా వేశారు. అట్ట మీద పెన్సిలుతో 318 అని ఉంది. ఆ అంకెలు నా చేతిరాతే. కింద మాత్రం, రంగులు వేసినవారెవరో తెలియదని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లు ఒక్క ఫొటో అయినా దిగకుండా కన్నుమూస్తే, అప్పటికప్పుడు స్టూడియో అతన్ని పిలిపించి, పోయినవారిని కూర్చోబెట్టి తీయించేవారు. మూసిన కళ్ల మీద తెరిచిన కళ్లు వేశాకే అది గోడకెక్కేది. నరసరావుపేటలో నేను ఆరేళ్లు పనిచేసిన స్టూడియోలో ఆ పని యజమానిగారి అక్కది. ఉర్దూలో అక్క అని, అందరం ఆమెను ఆపా అనేవాళ్లం. పరదా వెనక గదిలో, పోయినవారి తోబుట్టువునో బిడ్డనో ఎదురుగా కూర్చోబెట్టుకుని, వాళ్ల కళ్లు చూస్తూ ఫొటోలో కళ్లు వేసేది. పదో తరగతితో చదువాపి లెక్కలు సొంతంగా నేర్చుకున్న నేను, ఫొటో ఎంత పెంచాలో, ఫ్రేముకు ఎంత అంచు వదలాలో కొలిచి, వెనక నంబరు వేసేవాణ్ణి.

ఒకరోజు ఆపా తలెత్తకుండానే, “ఒరేయ్, ఆ నంబరు పక్కన నా పేరు కూడా రాయరాదా?” అంది.

“నంబరుంటే చాలు గదా ఆపా, ఎప్పుడైనా దొరుకుద్ది” అన్నాను.

నన్ను ఎవరూ వద్దనలేదు. అంకెల పక్కన అక్షరాలుంటే నాకే చిందరవందరగా అనిపించేది. ఆమె మళ్లీ అడగలేదు.

పుస్తకం వేసినవారికి ఫోన్ చేస్తే, మర్యాదగానే ఆమె పేరడిగారు. ఆపా అన్నాను. పూర్తి పేరండీ అన్నారు. నాకు తెలియదు.

నిన్న బస్సెక్కి గురజాల వెళ్లాను. ఆపా అక్కడ కూతురి దగ్గర ఉంటోంది, చూపు దాదాపు పోయింది. పుస్తకం ఒళ్లో పెట్టి, జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆమె పేజీని వేళ్లతో తడిమి, ఆయనకు తలపాగా ఉందా, మెడలో కండువా ఉందా అని అడిగి, ఉన్నాయన్నాక, “ఆయన చెల్లెలు చానాసేపు ఏడుపాపలేదురా. కంటి కింద తడి కనపడుద్ది, చూడు” అంది.

చూశాను. ఉంది. ఆ రోజు ఫొటో పొడవూ వెడల్పూ కొలిచిన నేను ఆ తడి చూడనే లేదు.

“నంబరు దొరికింది గదరా, ఇంకేంది నీ బాధ?” అని నవ్వింది.

పేరు అడిగాను. ఖమరున్నీసా అని చెప్పి, తప్పుల్లేకుండా రాయమంది. ఆ పేజీలోనే, అంకెల పక్కన పెన్సిలుతో రాశాను.

ఇప్పుడు ఫొటో తీయగానే తేదీ, వేళ, ఊరు అన్నీ ఫోనే రాసిపెట్టుకుంటోంది, నా పని చేసే మనిషితో అవసరం లేదు. పుస్తకం వేసినవారికి పేరు పంపించాను. ఆ పుస్తకం మళ్లీ అచ్చవుతుందో లేదో వాళ్లకే తెలియదట. అప్పటిదాకా ఆపా పేరు మా ఇంట్లో ఉన్న ఒక్క ప్రతిలోనే ఉంటుంది.