ఆపే బటన్ లేని సైకిలు

అత్త తడి దుప్పటి ఆరేసింది. తాడు మీద కాదు, సైకిలు ఫ్రేము మీద.

"అత్తా! నిన్ననే కదా దానికి రంగు వేశాను. ఆరిందో లేదో చూడొద్దూ?" పనినుంచి వచ్చీరాగానే గుమ్మంలోనే నిలబడి అరిచింది కోడలు.

"చూశాకే వేశాను. నీ రంగు ఆరింది, నా దుప్పటే ఆరలేదు," అంది అత్త కుర్చీలోంచి లేవకుండానే. "చక్రాల్లేవు, సీటు లేదు, పెడళ్ళు లేవు. నాలుగు గొట్టాలు. గొట్టాల మీద దుప్పటి ఆరెయ్యక, ఎదురుగా కూర్చుని దండం పెట్టుకోమంటావా?"

కోడలు దుప్పటి ఎత్తి చూసింది. నీలం రంగు మీద అల్లిక గుర్తులు అచ్చుగుద్దినట్టు పడ్డాయి. తిట్టడం మాని, దుప్పటి తీసి తాడు మీద వేసింది. తనిఖీకి ఇంక ఉన్నది పంతొమ్మిది రోజులు. అత్తతో పోట్లాటకు అందులో ఒక్కరోజు కూడా మిగల్లేదు.

బస్సు డిపో వర్క్‌షాపులో ఇరవై తొమ్మిదేళ్ళుగా లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతున్న ఈ కోడలిని అందరూ టర్నరమ్మ అంటారు. చేరిన కొత్తలో, ఆడపిల్ల లేత్ దగ్గర నిలబడితే మిషన్ సిగ్గుపడుతుందని నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళ బస్సులకు ఇరుసు బుష్షులు చెక్కి ఇచ్చింది, నవ్వులు ఆగాయి. ఆ రోజుల్లో వర్క్‌షాపుకు సైకిల్ క్లబ్బు ఉండేది. ఊరి చివర, గిన్నె అంచులా పైకి లేచిన సిమెంటు ట్రాక్ ఉండేది. దాన్ని ఏ దొరగారూ దానం చెయ్యలేదు. డిపో కార్మికులు, మిల్లు కార్మికులు సెలవు రోజుల్లో కంకర మోసి కట్టుకున్నారు. మోసినవాళ్ళలో టర్నరమ్మ తండ్రి ఒకడు. మగవాళ్ళు తొక్కాక మిగిలిన వేళల్లో, మగవాళ్ళు వద్దన్న సైకిళ్ళ మీద, ఆమె ఆరేళ్ళు ఆ ట్రాక్ మీద పోటీల్లో తిరిగింది. తర్వాత క్లబ్బు మూసేశారు. ట్రాక్ మిగిలింది.

ఇప్పుడు ఆ ట్రాక్ మీద పొద్దున నర్సులు నడుస్తారు, సాయంత్రం మోకాళ్ళ నొప్పులవాళ్ళు నడుస్తారు, పిల్లలు అంచు మీంచి జారతారు. నగర కార్యాలయం వాళ్ళు దాన్ని కొత్త షాపింగ్ భవనానికి కార్ల పార్కింగుగా ఇచ్చేద్దామనుకున్నారు. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. చెప్పడానికి అరవై మంది వెళ్ళారు. స్థలాల అధికారి ఓపిగ్గా విన్నాడు. విని, కాగితం తిప్పి చూపించాడు.

"మీరు నడుస్తున్నారమ్మా, కాదనను. కానీ రికార్డులో ఇది నడక బాట కాదు. ట్రాక్ సైకిళ్ళ కోసం అని ఉంది. ఒక్క ట్రాక్ సైకిలైనా తిరుగుతోందా?"

"మనుషులు తిరిగితే వాడకం కాదా సార్?" అంది టర్నరమ్మ.

"రికార్డులో మనుషులు లేరమ్మా."

అరవై మందిని ఎదురుగా పెట్టుకుని మనుషులు లేరన్నాడు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "సరే సార్. ట్రాక్ సైకిలే తెస్తాను. తనిఖీకి ఎప్పుడొస్తారు?"

మూడు వారాల తర్వాత శుక్రవారం, పొద్దున ఎనిమిదికి అన్నాడు. అలా మాట ఇచ్చి ఇంటికొచ్చాక గానీ, ఊళ్ళో ట్రాక్ సైకిలు అనేదే లేదని ఆమెకు గుర్తు రాలేదు.

పాత క్లబ్బు ఫ్రేములు మూడు, వర్క్‌షాపు స్టోర్సులో గోడకు వేలాడుతున్నాయి. వాటికి ఫ్యాన్ బెల్టులు తగిలిస్తారు. అందులో ఒకదాని మీద ఆమె పోటీ నంబరు ఇంకా కనిపిస్తుంది. స్టోరుకీపరును అడిగితే రిజిస్టరు తీశాడు.

"ఇది సైకిలని ఎక్కడుందమ్మా? 'బెల్టుల స్టాండు, మూడు' అని ఉంది. స్టాండు ఇస్తే నా స్టాక్ తగ్గిపోదూ?"

"దీనికి హ్యాండిల్ తగిలించే గొట్టం కనపడట్లేదా నీకు?"

"నాకు కనపడుతుంది. రిజిస్టరుకు కనపడొద్దూ?"

ఈ దేశంలో కళ్ళున్నది రిజిస్టర్లకే కాబోలనుకుని, రెండు రోజులు మధ్యాహ్నం తిండి మానేసి, ఇనప కడ్డీలతో ఒక స్టాండు తయారుచేసి గోడకు బిగించింది. అప్పుడొచ్చింది ఫ్రేము.

వచ్చాక తెలిసింది దాని పొగరు. మామూలు సైకిలు సామాను ఏదీ దానికి పట్టదు. పెడళ్ళ ఇరుసు కూర్చునే గిన్నెలకు మామూలు సైకిళ్ళలో ఒకవైపు కుడి మర, ఇంకోవైపు ఎడమ మర ఉంటుంది. దీనికి రెండువైపులా కుడి మరే. ఆ గిన్నెలు ఏ దుకాణంలోనూ లేవు, తనే చెక్కుకుంది. దొరికిన సీటు గొట్టం వెంట్రుకవాసి సన్నం. చల్లటి పానీయం డబ్బా కత్తిరించి, రేకు చుట్టి దిగ్గొట్టింది. వెనక చక్రం దూరే సందు ఇరుకు. దుకాణంలో అడిగితే "ఫ్రేము వెడల్పు చేయించండి మేడం" అన్నాడు కుర్రమేధావి ఒకడు. చైను మందం వేరు. ముందు ఫోర్కు సరిగ్గా కూర్చుంటే హ్యాండిల్ వంకర, హ్యాండిల్ సరిచేస్తే ఫోర్కు బిగుసుకుపోవడం.

ఇంటాయన ఆసుపత్రిలో లిఫ్టు ఆపరేటరు. ఆయన రోజూ ఉద్యోగం నుంచి వచ్చి, టీ గ్లాసుతో ఆ ఫ్రేము చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు.

"బ్రేకెక్కడ?"

"ఉండదు."

"మరి ఆపడానికి?"

"కాళ్ళతోనే."

"ఆపే బటన్ లేని బండి ముప్పై ఏళ్ళ సర్వీసులో చూళ్ళేదే. నేనైతే ఎక్కను."

"నిన్నెవరు ఎక్కమన్నారు? పైకీ కిందకీ పోయే మనిషివి, నీకు గుండ్రంగా తిరగడం గురించి ఏం తెలుసు?"

"అదీ నిజమే," అని ఆయన మళ్ళీ టీలో పడ్డాడు. అలాంటప్పుడు ఆయన మీద ఎంత విసుగొచ్చేదో, ఆ మర్నాడు ఆసుపత్రి స్టోరులో మూలపడ్డ వ్యాయామం సైకిలు పెడళ్ళు అడిగి తెచ్చిచ్చినప్పుడు అంత ముద్దొచ్చాడు. ముద్దు మాత్రం పైకి చూపలేదు. "ఎడమది కుడికి పట్టావు, ఇటివ్వు," అంది.

ఆ బటన్ లేకపోవడానికి కారణం ఒకటుంది. మామూలు సైకిలు వెనక చక్రంలో ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపినా బండి సాగుతుంది. ట్రాక్ సైకిలుకు అది ఉండదు. పళ్ళచక్రం, చక్రం నడుమ ఉండే హబ్బుకే బిగుసుకుని ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతోబాటు కాళ్ళూ తిరగాల్సిందే. వేగం తగ్గాలంటే కాళ్ళను వెనక్కి బిగబట్టాలి. అలా బిగబట్టినప్పుడు పళ్ళచక్రం మర విప్పుకుని ఊడిపోకుండా, దాని మీద ఉంగరంలాంటి లాక్ రింగు ఒకటి, ఎదురు మరతో బిగిస్తారు.

హబ్బు ఇంట్లోనే దొరికింది. క్లబ్బు మూసేసిన రోజు టర్నరమ్మ దాన్ని గుర్తుగా అన్నం డబ్బా సంచిలో వేసుకొచ్చింది. ఇన్నేళ్ళుగా గాలికి తలుపు కొట్టుకోకుండా అత్త దాన్ని అడ్డం పెడుతోంది. "తీసుకో, తీసుకో. రేపట్నుంచి తలుపు దగ్గర నువ్వే నిలబడు," అంది అత్త. రింగు మాత్రం ఎక్కడా లేదు. ఎడమ మర చెక్కడమంటే లేత్‌ను వెనక్కి నడిపించినట్టే. రెండు రింగులు పాడై, మూడోది కుదిరింది. చేత్తో తిప్పితే తలుపు గడియలా మెత్తగా పోయి కూర్చుంది. అంత మంచి పని ఈ మధ్య ఏ బస్సుకూ చెయ్యలేదు.

శుక్రవారం అరపూట సెలవుకు చీటీ రాసింది. కారణం: 'ట్రాక్ సైకిలు తొక్కుటకు.' ఫోర్‌మన్ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"జ్వరం అని రాయమ్మా. జ్వరానికైతే సంతకం పెడతాను."

"నాకు జ్వరం లేదు సార్."

"ఇది చదివితే పైవాళ్ళకు వస్తుంది."

ఆమె రాయలేదు. ఆయన నిట్టూర్చి, ఎటో చూస్తూ సంతకం గీకాడు.

పని ఇక మిగిలింది ఒకటే. వెనక చక్రం అడ్డదిడ్డంగా ఊగుతోంది, పుల్లలు సరిచేసి బెండు తీయించాలి. వీధి చివర సైకిలు షాపు బాబాయి చేతిలో ఆ విద్య ఉంది. వరసకు బాబాయి కాదు, వీధి మొత్తానికీ బాబాయే. డెబ్బై ఏళ్ళవాడు. గురువారం పొద్దున చక్రం ఇచ్చి, "బెండు మాత్రం తియ్యి బాబాయ్" అని పనికి వెళ్ళింది.

సాయంత్రం వెళ్ళేసరికి బాబాయి ముఖం వెలిగిపోతోంది.

"చూడమ్మాయ్! బొంగరంలా తిరుగుతోంది. బెండు తీశాను. ఇంకోటి కూడా చేశాను, నువ్వడక్కపోయినా."

ఆమె చక్రం వైపు వంగింది. "ఏం చేశావు బాబాయ్?"

"నీ పళ్ళచక్రం పట్టేసింది కదా, వెనక్కి తిప్పితే తిరగదే! ఎవడో తిక్కలోడు గట్టిగా బిగించాడు. తీసి పారేసి, కొత్త ఫ్రీవీల్ వేశాను. మంచి కంపెనీది, నా తరఫున."

"రింగు... దాని మీద రింగుండాలి..."

"అదా? రాక్షసి. విప్పేకొద్దీ బిగుసుకుంది. ఉలి పెట్టి రెండు దెబ్బలు వేస్తే గానీ లొంగలేదు." చెత్త డబ్బాలోంచి తీసి చూపించాడు. రింగు రెండు ముక్కలు.

ఎదురు మర రింగును మామూలు మరలా విప్పబోయాడు. యాభై ఏళ్ళుగా ఊళ్ళో ప్రతి మరనూ అలాగే విప్పిన చెయ్యి అది. ఏం తిట్టాలో ఆమెకు తోచలేదు. తిట్టకుండా ఉండటమూ చేతకాలేదు. "అది పట్టెయ్యలేదు బాబాయ్! అది అంతే! అలాగే ఉండాలి!" అని రోడ్డు మీదే నెత్తి కొట్టుకుంది.

ఎందుకలా ఉండాలో చెప్పాక బాబాయి ముఖం చిన్నబోయింది. "బెండు మాత్రం తియ్యమన్నావు. నిజమే. ఊరికే ఉండలేని చెయ్యమ్మా ఇది."

డిపోలో లేత్ సెక్షనుకు అప్పటికే తాళం వేసేశారు. పొద్దున తీసేది ఎనిమిదింటికి. అధికారి వచ్చేదీ ఎనిమిదింటికే. హబ్బు ఉక్కుది కాబట్టి మర చెడలేదు, అంతవరకు నయం. ఫ్రీవీల్ విప్పించి, పళ్ళచక్రం మళ్ళీ ఎక్కించి, చైను కట్టిన కడ్డీతో ఇద్దరూ వేలాడి బిగించారు. రింగు లేదు.

"ముందుకు తొక్కినంతసేపూ బిగుస్తూనే ఉంటుంది," అంది ఆమె, బాబాయికంటే తనకే చెప్పుకుంటున్నట్టు. "వెనక్కి బిగబట్టకూడదు. అంతే."

"మరి ఆపేదెట్లా?" అన్నాడు బాబాయి.

ఆమె చక్రం భుజాన వేసుకుని ఇంటికి నడిచింది. రింగు లేని సంగతి ఇంట్లో చెప్పలేదు.

శుక్రవారం ఎనిమిదింటికి ట్రాక్ చుట్టూ కమ్మీకి ఆనుకుని జనం. నర్సులు, మోకాళ్ళవాళ్ళు, చేతికర్రతో అత్త, డ్యూటీ మార్చుకుని వచ్చిన ఇంటాయన. అధికారి చేతిలో ఫైలు ఉంది. టర్నరమ్మ కంట పడనే పడింది: అందులో నివేదిక అప్పటికే టైపు కొట్టి ఉంది. 'స్థలము వాడుకలో లేదు.' కింద సంతకానికి మాత్రం ఖాళీ.

"చూడకముందే రాశారా సార్?"

"అది నమూనా అమ్మా, నమూనా," అని ఆయన ఫైలు మూశాడు. సైకిలు వెనక చక్రం ఎత్తించి తిప్పి చూశాడు. పెడళ్ళు కూడా తిరిగాయి. బ్రేకులు వెతికాడు, లేవు. "ఊఁ. సైకిలైతే ట్రాక్‌దే. ఒక్క రౌండు వేసి చూపించండి, చాలు. నాకు తొమ్మిదింటికి మీటింగుంది."

ట్రాక్ సైకిలు ఎక్కాలంటే వెనక ఒకరు సీటు పట్టుకోవాలి. బాబాయి ముందుకొచ్చాడు. "ఇదైనా సరిగ్గా చెయ్యనీ," అని పట్టుకుని, తోశాడు.

మొదటి రౌండు భయంతోనే గడిచింది. రెండో మలుపులో అంచు మీదకు ఎక్కి దిగేసరికి ఒళ్ళు గుర్తు తెచ్చుకుంది. యాభై రెండేళ్ళ ఒళ్ళు మిగతావన్నీ మరిచిపోయింది గానీ, ఇది మరవలేదు. సిమెంటు మీద టైరు చప్పుడు, చెవుల్లో గాలి. నర్సులు చప్పట్లు కొట్టారు.

"చాలమ్మా! ఆపండి!" అన్నాడు అధికారి.

ఆమె వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది.

"ఆపమంటున్నాను కదా!"

"ఆగదు సార్!" అంటూనే దాటిపోయింది. తర్వాతి రౌండులో మిగతా సగం చెప్పింది. "తొందరపడి ఆపితే పళ్ళచక్రం ఊడుతుంది!"

"ఏమిటిది?" అని అధికారి చుట్టూ చూశాడు.

"ఆపే బటన్ లేదు సార్," అన్నాడు ఇంటాయన, లిఫ్టు దగ్గర రోగుల బంధువులతో మాట్లాడే గొంతుతో. "మీరు కంగారు పడకండి. నేనూ మొదట్లో ఇలాగే పడ్డాను."

"అయితే నేను వెళ్తాను."

"ఎలా వెళ్తావు నాయనా?" అంది అత్త, చేతికర్ర అడ్డం పెట్టి. "మా కోడలు వాడుతుంటే 'వాడుకలో లేదు' అని రాసి పోతావా? దిగేదాకా చూసి రాయి."

ఆయన వాచీ చూసుకున్నాడు. ఆమె ఆయన ముందు నుంచి పోయింది. ఆయన చెమట తుడుచుకున్నాడు. ఆమె మళ్ళీ పోయింది. కాళ్ళను చక్రానికే వదిలేసి, అదిమిపట్టకుండా, ప్రతి మలుపులో కొంచెం ఎత్తుకు ఎక్కి వేగాన్ని అక్కడే కాస్త ఖర్చు చేసుకుంటూ తిరిగింది. ఇక్కడ మనుషులు లేరన్న మనిషి, ఆ ఒక్క మనిషిని కళ్ళతో వెంటాడుతూ నిలబడిపోయాడు. నర్సులు పైకి లెక్కపెడుతుంటే, ఆయన పెదవులు కూడా కదిలాయి. పద్నాలుగో రౌండులో చక్రం నడకంత నెమ్మదించాక, ఆమె చెయ్యి చాచి కమ్మీ పట్టుకుని ఆగింది.

"పద్నాలుగు," అంది అత్త.

అధికారి ఫైలు తెరిచాడు. టైపు కొట్టిన 'లేదు' మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, పక్కన 'ఉన్నది' అని రాసి, పొట్టి సంతకం పెట్టాడు. అంతా చదివి వినిపించమంది టర్నరమ్మ. విసుక్కుంటూనే చదివాడు.

"కానీ ఒక మాట చెప్తానమ్మా," అన్నాడు ఫైలు చంకలో పెట్టుకుంటూ. "ఒక్క సైకిలును వాడుక అంటారా అని పైవాళ్ళు తిప్పి పంపినా పంపొచ్చు. నా చేతిలో ఉన్నంతవరకు నేను రాశాను."

టర్నరమ్మ మనసులో లెక్క వేసుకుంది. స్టోర్సులో ఇంకా రెండు ఫ్రేములున్నాయి. అంటే ఇంకో రెండు స్టాండులు. ఇంకో నాలుగు గిన్నెలు. ఈ రింగుతో కలిపి మూడు ఎడమ మర రింగులు.

"బాబాయ్," అంది ఊపిరి సరిచేసుకుంటూ. "ఈసారి బెండు మాత్రమే."

"ఒట్టు," అన్నాడు బాబాయి.

"ఇంకో రెండు తెస్తావా?" అంది అత్త, సైకిలును కిందినుంచి పైదాకా చూసి. "తీసుకురా. ఇంట్లో ఇంకా తడి దుప్పట్లు చాలా ఉన్నాయి."