దిగబడిన చోట సమావేశం

మా పెద్దాయన పోయారని బాపట్ల షాపు నుంచి ఫోన్ వచ్చేసరికి నేను రేపల్లె షాపులో కోత మిషను బెల్టు ఒకటి కాగితంలో చుడుతున్నాను. దానికోసం వచ్చిన కౌలు రైతుది నగరం అనే ఊరి దగ్గర చేను. అక్కడ మేం అమ్మిన మిషను బురదలో దిగబడింది. లాగుతుంటే బెల్టు తెగింది. బయట మబ్బు పట్టి ఉంది. అయినా కబురు విని అతను బెల్టు ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుండిపోయాడు.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో వ్యవసాయ యంత్రాలు అమ్మే మా కంపెనీకి పెద్దాయనే యజమాని. యజమాని అన్న మాటకే ఒళ్లు మండే రకం నేను, కూలీల సంఘం కరపత్రాలు పంచినవాణ్ణి. చేరిన కొత్తలోనే, మీ మిషన్లు కూలీల నోటి దగ్గర కూడు లాగేస్తున్నాయని ముఖం మీదే అనేశాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "నీ కరపత్రాల్లో వంగి కోసేవాళ్ల నడుం నొప్పి గురించి రాయలేదేంటయ్యా?" అన్నారు. ఆనాటి నుంచి షాపులో నా పేరే కరపత్రం. ఆ జవాబు సరిపోతుందని ఇప్పటికీ ఒప్పుకోను. కానీ నన్ను పనిలోంచి తీసేయలేదు, సమావేశానికి వెంట తీసుకెళ్లారు.

వచ్చే ఏడు ఏ మిషన్లు తెప్పించాలి, ఏ సామాను ఎక్కడ ఉంచాలి అని తేల్చే సమావేశం అది. ఆ ఏడు మేం అమ్మిన మిషను ఏ చేలో దిగబడిందో, ఆ గట్టు మీదే జరిగేది. వెనక ఒకసారి ఈ మెత్తటి నేలకు టైర్ల మిషను అమ్మారట. అది ఇరుసు దాకా కూరుకుపోయి కోత ఆగింది, పంట వానకు తడిసి మొలకెత్తింది. అప్పటి నుంచీ ఆ అలవాటు. పెద్దాయన చెప్పులు విప్పి ముందు తనే చేలోకి దిగేవారు. "అమ్మేటప్పుడు అందరం నవ్వుతూనే ఉంటాం. ఇక్కడ నిలబడి మాట్లాడండి," అనేవారు. టైర్లకు బదులు చైన్ల మీద నడిచే మిషన్లు తెప్పించడం, రేపల్లెలో విడిభాగాల షాపు పెట్టడం అలా నిలబడి తేల్చుకున్నవే.

ఈసారి ఆ షాపు ఉండాలా వద్దా అన్నదే ప్రశ్న. లాభం లేదు, మూసేద్దామని ఆయన తమ్ముడుగారి పట్టు. మూస్తే బెల్టు కోసం తెనాలి దాకా పోవాలి. చేలో మిషను ఆగడం చూసినవాళ్లకు తెలుసు, వాన అంతసేపు ఆగదు. పోయిన రోజు ఉదయమే పెద్దాయన ఫోన్ చేసి, కోతలయ్యాక ఆ నగరం చేలోనే తేల్చుకుందాం, రైతుకు చెప్పమన్నారు. నేను ఆయన నుంచి విన్న చివరి మాట అదే.

పెద్దకర్మ, కోతలు అయ్యాక సమావేశం ఏ రోజో తెలియగానే రైతుకు కబురు పెట్టాను. తీరా చూస్తే తెనాలి ఆఫీసులో, ఏసీ గదిలో పెట్టారు. ముందు చేలోకి పదండని నేను అరిచాను. "చేలో ఏముందయ్యా, బురద తప్ప?" అన్నారు తమ్ముడుగారు. టిఫిన్లు వచ్చేలోపే రేపల్లె షాపు మూసేయడం ఖాయమైంది.

కోపంతో బస్సెక్కి ఆ చేనికి వెళ్లాను. గట్టు మీద వడ్లు ఆరబోసే పట్టా పరిచి ఉంది.

"పెద్దాయన లేకపోయినా మీరంతా వస్తారనుకున్నామండి," అన్నాడు రైతు.

నేను చెప్పులు విప్పి చేలోకి దిగాను. చైన్లు తొక్కిన జాడల్లో ఇంకా నీళ్లున్నాయి. గాలికి పట్టా అంచు లేస్తుంటే, అతను వంగి మూలల మీద మట్టిబెడ్డలు పెడుతున్నాడు.